తలుపు బయటి సోదరుడు

లాడ్జిలో చేరుతున్నానంటే మా అమ్మ ముందు నవ్వింది, తర్వాత కంగారు పడింది. "ఇల్లుండగా లాడ్జిలో ఉండడం ఏంట్రా?" అంది. ఆవిడకి లాడ్జి అంటే తెనాలి బస్టాండు దగ్గర గదులు అద్దెకిచ్చే మేడ. ఇది ఆ లాడ్జి కాదనీ, ఫ్రీమేసన్లని ఒక సంఘమనీ, ప్లీడర్లూ డాక్టర్లూ మిల్లు ఓనర్లూ నెలకోసారి తలుపులు వేసుకుని ఏవో పాతకాలపు తంతులు జరుపుకుని ఆ తర్వాత కలిసి భోంచేస్తారనీ, లోపల కులం మతం పట్టింపు లేదనీ, ఒకరినొకరు సోదరుడనే పిలుచుకుంటారనీ చెప్పేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. అంతా విని, "ఆ సోదరులైనా తలుపు తీస్తారా?" అని అడిగింది.

ఆ మాటకి అర్థం మా ఇద్దరికే తెలుసు. రెండేళ్ళ కిందట బాపట్లలో మా నాన్న సాయంత్రం కాఫీ తాగుతూ తాగుతూ పక్కకి ఒరిగిపోయాడు. మనిషి ఒడ్డూ పొడుగూ. నేనూ అమ్మా ఎత్తి ఆటోలో వెయ్యలేకపోయాం. వీధిలోకి పరిగెత్తి తలుపులు కొట్టాను. ఒకింట్లో టీవీ సీరియల్ నడుస్తోంది. ఎవరో సౌండు తగ్గించారు, తలుపు మాత్రం తియ్యలేదు. ఇంకో ఇంట్లో లైటు ఆరిపోయింది. రోజూ 'ఏం మాస్టారూ' అని పలకరించే వీధి అది. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్ట చోటు లేదు. చివరికి ఆటో అబ్బాయీ నేనూ నాన్నని ఈడ్చుకుంటూ తీసుకెళ్ళాం. గుంటూరు వెళ్దామనుకుంటే పొన్నూరు దాటకముందే ఆయన పోయాడు.

ఆ కోపం నాకింకా చల్లారలేదు. చల్లారాలని కూడా లేదు. ఇల్లు ఖాళీ చేసి అమ్మని తీసుకుని తెనాలి వచ్చేశాను. ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. ఈ ఊళ్ళో నాకు కావలసింది ఒక్కటే. తడితే తెరుచుకునే తలుపు.

పూర్ణచంద్రరావుగారు ప్లీడరు. ఆయన మనవరాలు మేధ నా దగ్గర చదువుకుంది. ఆ పరిచయంతో ఒకరోజు మాటల్లో మా నాన్న సంగతి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మీలాంటి వాళ్ళ కోసమేనండి మా లాడ్జి ఉన్నది" అన్నారు. "మా విందు చివర ఒక మాట చెప్పుకుంటాం మాస్టారూ. నేల మీద గానీ నీళ్ళ మీద గానీ, ఎక్కడైనా సరే, కష్టంలో ఉన్న మా సోదరుడు ప్రతివాడూ క్షేమంగా ఇల్లు చేరాలని. ఆ మాట అనకుండా ఎవ్వరం చెయ్యి కడగం." 

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది.

లాడ్జి పేరు చెప్పను. కాలవగట్టు పక్క సందులో, మూతబడ్డ ధాన్యం మిల్లు వెనక, ఎత్తరుగు మీద కట్టిన పాత భవనం. కిటికీలు ఎప్పుడూ తెరవరు. రిక్షావాళ్ళు దాన్ని తలకాయ బంగళా అంటారు, లోపల మనిషి తలకాయ ఏదో పెట్టుకుని పూజలు చేస్తారని. నేను చూసినంత వరకు లోపల ఉన్నది నాఫ్తలీన్ గుళ్ళ వాసన, పాతబడ్డ వెల్వెట్ తెరలు, ఒకరి కుర్చీలో ఒకరు కూర్చుంటే అలిగే పెద్దమనుషులు. లోపల జరిగింది బయట చెప్పనని అక్కడ అందరిచేతా ప్రమాణం చేయిస్తారు. నా ప్రమాణం మధ్యలోనే ఆగిపోయింది కాబట్టి చెప్తున్నాను.

2007 నవంబరు. బంగాళాఖాతంలో వాయుగుండం. పొద్దుటి నుంచీ వాన. నన్ను సంఘంలో చేర్చుకునేది ఆ సాయంత్రమే. ఆరింటికి రమ్మన్నారు. గొడుగు ఉన్నా మోకాళ్ళ దాకా తడిసి వెళ్ళాను. అప్పటికే కరెంటు పోయి ఉంది.

పూర్ణచంద్రరావుగారు తెల్ల చేతితొడుగులు వేసుకుని, నడుముకి చిన్న తోలు ఏప్రన్ కట్టుకుని వరండాలో ఎదురుచూస్తున్నారు. నా వాచీ, ఉంగరం, జేబులో చిల్లర తీసి దాచారు. లోపలికి వచ్చేవాడి ఒంటిమీద లోహం ఉండకూడదట. వరండా చివర ఒక చిన్న గది ఉంది. అందులో బెంచీ మీద కూర్చోబెట్టారు. మూలన ఒక లాంతరు, వత్తి బాగా తగ్గించి ఉంది.

"ఇప్పుడు మేమంతా లోపలికెళ్ళి గడియ పెట్టుకుంటామండి. మధ్యలో ఎవరం బయటికి రాం. టైలర్ వచ్చి మిమ్మల్ని తయారుచేసి తలుపు దగ్గరికి తీసుకొస్తాడు. ఆయన చెప్పినట్టు చెయ్యండి చాలు."

టైలర్ అంటే అక్కడ గుడ్డలు కుట్టేవాడు కాదు. కత్తి పట్టుకుని తలుపు బయట కాపలా నిలబడే మనిషి. ఆయన కూడా ప్రమాణం చేసిన సోదరుడే. లోపల తంతు మొదలయ్యే ముందు లోపలివాళ్ళు తలుపు మీద మూడుసార్లు కొడతారు. బయట టైలర్ ఉంటే తిరిగి మూడుసార్లు కొడతాడు. ఆ జవాబు వినబడితేనే లాడ్జికి కాపలా ఉన్నట్టు లెక్క. అంతే, ఇంక లోపల్నించి ఎవరూ తలుపు తీసి చూడరు. చూడకూడదు, రూలు.

ఆయన వెళ్ళిపోయారు. పెద్ద తలుపు మూసుకుంది. లోపల్నించి మూడు దెబ్బలు.

బయటినుంచి మూడు దెబ్బలు జవాబిచ్చాయి.

సరే, టైలర్ ఉన్నాడన్నమాట అనుకున్నాను. నేనున్న గదిలోంచి ఆ తలుపు కనబడదు. వాన చూరు మీంచి ధారగా పడుతోంది. కాలవ పొంగి పారుతున్న చప్పుడు. కప్పలు. మిల్లు గోడ అవతల ఎక్కడో రేకు ఒకటి గాలికి కొట్టుకుంటోంది. చాలాసేపు ఎవరూ రాలేదు. లాంతరు వెలుగు బెంచీ కాళ్ళ దాకా కూడా రావట్లేదు.

ముందు వాసన వచ్చింది. ఉప్పు వాసన. సముద్రం పోటు తీసాక బురదలోంచి వస్తుందే, ఆ వాసన. తెనాలిలో ఆ వాసనేంటి? తల తిప్పబోయాను.

"తిరగమాక బాబూ. అటే చూడు."

నా వెనకాల, చాలా దగ్గర్లో. ముసలి గొంతు. నెమ్మదైన గొంతు. అడుగుల చప్పుడు వినబడలేదు, వానలో కదా అనుకున్నాను. కళ్ళ మీదికి ఒక గుడ్డ వచ్చింది. తడి గుడ్డ, ఐసు నీళ్ళలో ముంచినట్టుంది. తల వెనక ముడి బిగిసింది.

"చల్లగా ఉందా? వానలో తడిశా గదా. ఏమనుకోమాక."

"పర్లేదండి."

ఎడమ కాలి పంట్లాం మోకాలు దాకా మడిచాడు. చొక్కా గుండీలు ఒక పక్క విప్పాడు. మెళ్ళో తాడు వేశాడు. ఇవన్నీ తంతులో భాగమే, ముందే చెప్పి ఉన్నారు. ఆ వేళ్ళు తగిలిన చోటల్లా ఒళ్ళు జిల్లుమంది. అయినా ఆ మనిషి చెయ్యి ఎంత జాగ్రత్తగా తగిలిందంటే, చిన్నప్పుడు జ్వరం వస్తే నాన్న దుప్పటి కప్పడం గుర్తొచ్చింది. నాకు భయం వెయ్యలేదు. అది కూడా చెప్పాలి.

"మీ పేరేంటండి?" అని అడిగాను, మాట్లాడకుండా చీకట్లో కూర్చోలేక.

"పిచ్చయ్య. మాది అడవులదీవి. నిజాంపట్నం పక్కన. మరి తమరు?"

"భావనారాయణ."

"బాపట్లోళ్ళన్నమాట. అక్కడ ఇంటికొక భావనారాయణ ఉంటాడుగా." నవ్వాడు. ఆ నవ్వుకి నా మెడ మీద ఊపిరి తగలాలి. తగల్లేదు.

"మీరెప్పటినుంచీ టైలరుగా ఉన్నారు?"

"మా పెద్దది పుట్టినకాణ్ణించి. పడవ అమ్ముకుని తెనాలొచ్చా. ఓ ప్లీడరుబాబు ఇక్కడ పెట్టాడు. సోదరుడివే పిచ్చయ్యా అన్నాడు. అయ్యన్నీ నిజమే. కాకపోతే నా చోటు బయట."

"లోపల భోజనాలప్పుడు?"

"వరండాలోకి పంపుతారు ఆకు."

ఆ గొంతు నా చెవి పక్కకొచ్చింది.

"బాబూ... లోపల నిన్నొకటి అడుగుతారు. ఇంతసేపూ చీకట్లో ఉన్నావు, ఇప్పుడు నీ మనసులో ఉన్న కోరికేంటి అంటారు. పక్కన నిలబడ్డాయన చెవిలో అందిస్తాడు, వెలుతురు అనమని. అది చెప్పమాక."

"మరేం చెప్పాలండి?"

చెప్పాడు. రెండే మాటలు.

"గట్టిగా చెప్పు బాబూ. నే చెప్తే ఇనపళ్ళేదు."

ఇదీ తంతులో ఒక ముక్కేమో అనుకున్నాను. కొత్తవాణ్ణి. టైలర్ చెప్పినట్టు చెయ్యమన్నారు. చేస్తాను.

నా మోచెయ్యి పట్టుకుని నడిపించాడు. వరండా గచ్చు మీద నా కాళ్ళ కింద నీళ్ళు. ఆగాం. నా ముందు తలుపు మీద మూడు దెబ్బలు పడ్డాయి. తలుపు తెరుచుకుంది, మైనపువత్తుల వేడి మొహానికి తగిలింది. మోచెయ్యి మీది చెయ్యి వదిలేసింది. అది గడప దాకానే వచ్చింది.

"ఎవరక్కడ?" అన్న గొంతు గుర్తుపట్టాను. వెంకటప్పయ్యగారు, మిల్లు ఓనరు. తలుపుకి లోపలివైపు కాపలా ఆయనది. నా రొమ్ముకి ఏదో సూదిగా ఆనింది, బాకు మొన. ఇదీ ముందే చెప్పారు. జవాబు చెప్పాల్సింది టైలరు. నా వెనక నుంచి ఏదో గొణిగినట్టు వినబడింది. వెంకటప్పయ్యగారు "బాలస్వామిగారూ, చీకట్లో మీరు కనబడట్లేదు, కాస్త పెద్దగా చెప్పండి" అన్నారు.

బాలస్వామి ఎవరో నాకు తెలీదు. ఎవరో నన్ను లోపలికి లాగారు. వెనక తలుపు మూసుకుంది. గడియ పడింది.

హాలు చుట్టూ తిప్పారు. ఇంగ్లీషులో ప్రశ్నలు, ఇంగ్లీషులో జవాబులు. పక్కన నడిచే ఆయన చెవిలో అందిస్తూ ఉన్నాడు, నేను తిరిగి అప్పజెబుతూ ఉన్నాను. మోకాలి మీద కూర్చోబెట్టారు. ఎదురుగా ఎత్తులో కూర్చుని మాట్లాడుతున్నది లాడ్జి పెద్ద అచ్యుతరామయ్యగారు. హెడ్మాస్టరుగా రిటైరయిన మనిషి. క్లాసులో చివరి బెంచీకి వినబడే గొంతు. ప్రమాణం చదివిస్తూ సగంలో ఆపి, ఆ ప్రశ్న అడిగారు.

"చీకట్లో ఉన్న నీకు ఇప్పుడు అన్నిటికన్నా ఎక్కువగా కావలసినదేమిటి?"

"లైట్ అనండి" అన్నాడు పక్కనాయన గుసగుసగా.

నేను గట్టిగా, తెలుగులో చెప్పాను.

"తలుపు తియ్యండి."

ఎవరిదో పుస్తకం కింద పడింది. నా పక్కనాయన చెయ్యి నా భుజం మీంచి జారిపోయింది.

"ఏమన్నారు?" అచ్యుతరామయ్యగారి గొంతు ఈసారి ముందు బెంచీకి కూడా వినబడేలా లేదు.

"తలుపు తియ్యండి అన్నానండి. టైలర్ గారు అలా చెప్పమన్నారు."

"ఏ టైలరు?"

"పిచ్చయ్యగారు."

అప్పుడు మొదలైంది.

తలుపు మీద చప్పుడు. మూడు దెబ్బలు కాదు. లెక్కా పత్రం లేని చప్పుడు. బాగా కింద, గడప దగ్గర. నిలబడ్డ మనిషి కొట్టే ఎత్తు కాదది. కింద పడ్డ మనిషి అరచేత్తో కొట్టినట్టు... ఆగింది... మళ్ళీ. తర్వాత గోళ్ళతో గీకుతున్నట్టు. చెక్క మీద... నెమ్మదిగా... పైనుంచి కిందికి.

"అయ్యా..." అన్నారు వెంకటప్పయ్యగారు. పెద్ద మిల్లు నడిపిన మనిషి, గొంతు చిన్నపిల్లాడిలా అయిపోయింది. "అదే చప్పుడండీ. అప్పటిదే..."

"రిపోర్టు చెయ్యండి" అన్నారు అచ్యుతరామయ్యగారు.

నమ్ముతారా? ఆ మాటే అన్నారు. తలుపు దగ్గర అలికిడైతే లోపలి కాపలా మనిషి కింది అధికారికి చెప్పాలి. ఆయన లేచి పెద్దాయనకి చెప్పాలి. పెద్దాయన ఊఁ అంటే గడియ తియ్యాలి. వెంకటప్పయ్యగారు చెప్పారు. కింది అధికారి లేచి పైకి చెప్పాడు. అదే మాట, అదే వరసలో. బయట గీకుడు ఆగలేదు.

"ఆ తట్టడం పద్ధతి ప్రకారం లేదు" అన్నారు పెద్దాయన. "కార్యక్రమం కానివ్వండి."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బాపట్ల వీధిలో టీవీ సౌండు తగ్గించిన చెయ్యి గుర్తొచ్చింది. కళ్ళ గుడ్డ పీకి పారేశాను. మైనపువత్తుల వెలుగులో చేతితొడుగుల తెలుపు, వరసగా కుర్చీలు, కుర్చీల్లో పాలిపోయిన మొహాలు. ఒక్కరు లేవలేదు. మెళ్ళో తాడుతోనే తలుపు దగ్గరికి పరిగెత్తాను. వెంకటప్పయ్యగారు అడ్డం వచ్చారు.

"వద్దు మాస్టారూ. మీకు దణ్ణం పెడతా. తియ్యొద్దు."

తోసేసి గడియ లాగాను. తలుపు బయటికి తెరుచుకునేది. తెరుచుకోలేదు. అవతల ఏదో ఆనుకుని ఉంది. బరువు. భుజం పెట్టి నెట్టాను. గచ్చు మీద ఒక బరువు ఈడ్చుకుపోతున్న చప్పుడు... జానెడు... ఇంకో జానెడు... ఒక్కసారిగా బరువు పోయింది. తూలి వరండాలో పడ్డాను.

ఎవరూ లేరు.

వాన ఏటవాలుగా కొట్టి వరండా అంతా తడిసిపోయి ఉంది. గోడలు, స్తంభాలు, గచ్చు. తలుపు ముందు మాత్రం పొడి. మనిషి పొడుగున, పక్కకి తిరిగి ముడుచుకుని పడుకుంటే ఎంత చోటు పడుతుందో అంతమేర పొడి. నేను చూస్తుండగానే అంచుల నుంచి నీళ్ళు లోపలికి పాకుతూ వచ్చి ఆ చోటు కూడా తడిసిపోయింది.

లోపలినుంచి ఎవరో వచ్చి వరండా పక్కనున్న అల్మారా తెరిచారు. కొత్తవాళ్ళకి కళ్ళకి కట్టే నల్ల వెల్వెట్ గుడ్డ అందులోనే ఉంది, ఇస్త్రీ మడత విప్పకుండా. రేపల్లె నుంచి రావలసిన బాలస్వామిగారి దగ్గర్నుంచి అప్పుడే ఫోనొచ్చింది. పట్టాల మీదికి నీళ్ళొచ్చి ప్యాసింజరు మధ్యలో నిలిచిపోయిందట. ఆ రోజు టైలరుగా నిలబడాల్సింది ఆయన. ఆయన అసలు తెనాలే రాలేదు.

నేను నేల మీద పారేసిన గుడ్డ వైపు అందరూ చూస్తున్నారు. చిలకాకుపచ్చ తువ్వాలు. నీళ్ళు కారుతున్నాయి.

పూర్ణచంద్రరావుగారు నీళ్ళు నమిలి నమిలి చెప్పారు. పోయిన ఏడాది కార్తీకంలో, తుపాను వానల రోజు, అచ్యుతరామయ్యగారిని లాడ్జి పెద్దగా కూర్చోబెట్టే కార్యక్రమం జరుగుతోంది. మధ్యలో తలుపు మీద చప్పుడైంది. 'తలుపు తియ్యండి' అని రెండుసార్లు అరిచాడు పిచ్చయ్య. పద్ధతి ప్రకారం తట్టలేదు. రిపోర్టు చేశారు. కార్యక్రమం అయ్యాక చూద్దామన్నారు. అయ్యాక చూశారు. తలుపు తెరుచుకోలేదు, మనిషి దానికి ఆనుకుని పడి ఉన్నాడు. గుండెనొప్పి.

"ఇంటికి ఎవరు తీసుకెళ్ళారు?" అన్నాను.

"రోడ్లన్నీ మునిగిపోయాయండి. వ్యాను మాట్లాడి పంపించాం."

"తోడు ఎవరెళ్ళారని అడుగుతున్నాను."

ఆయన చేతితొడుగులు తీసి మడత పెట్టుకుంటూ నిలబడ్డారు. ఆ రాత్రి విందు వండించారో లేదో, చివరి మాట చెప్పుకున్నారో లేదో నాకు తెలీదు. మెళ్ళో తాడు తీసి వెంకటప్పయ్యగారి చేతిలో పెట్టి, తువ్వాలు తీసుకుని వానలో ఇంటికి నడిచాను. అమ్మ తలుపు తీసింది.

తువ్వాలు ఆరలేదు. వాన వెలిశాక డాబా మీద ఎండలో వేశాం. పిండినకొద్దీ నీళ్ళు. అమ్మ ఒక చుక్క నాలిక మీద వేసుకుని, ఉప్పగా ఉందని ఊసేసింది. "ఎవరిదో వాళ్ళకిచ్చేసి రా నాయనా" అంది.

ఆదివారం పొద్దున్నే రేపల్లె బండెక్కాను. రేపల్లెలో బస్సు. అడవులదీవిలో దిగేసరికి ఎండ చురుక్కుమంటోంది. దారి పొడుగునా ఎండుచేపల వాసన, వలలు బాగుచేసుకుంటున్న మనుషులు, పిల్లల అల్లరి. పిచ్చయ్య ఇల్లు అంటే చూపించారు. ఆయన భార్య వెంకటసుబ్బులు వాకిట్లో చేపలు ఆరబోస్తోంది. తలుపు బార్లా తీసి ఉంది. లాడ్జి నుంచి వచ్చానని చెప్పాను, అంతకన్నా ఏం చెప్పాలో తెలీక.

"రా బాబూ, లోపలికి రా. కూకో." నులకమంచం వాల్చింది. తువ్వాలు చేతికిచ్చాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. మొహానికి ఆనించుకుని, "ఇంకా ఆరలేదా ఇది" అంది. దండెం మీద వేసింది. నీళ్ళు చుక్క చుక్కగా మట్టినేల మీద పడుతున్నాయి.

"మీ లాడ్జోళ్ళు మంచోళ్ళు బాబూ" అంది.

నేను తువ్వాలు కింద తడుస్తున్న మట్టినే చూస్తూ కూర్చున్నాను.

"వ్యానోడు నీళ్ళు చూసి రేపల్లె దాటి రానన్నాడంట. ఎక్కడో గట్టు మీద దించేసి పోయాడు. మేం ఎతుకుతా ఉన్నాం. తెల్లారేసరికి నలుగురు మోసుకొచ్చారు. నడుం లోతు నీళ్ళు. తెల్లటి చేతితొడుగులు ఏసుకున్నారు. అంత నీళ్ళలో నడిచొచ్చారా, ఒక్కరికీ బట్ట తడవలేదు. ఆయన్ని దించి, నా కాళ్ళకి దణ్ణం పెట్టారు బాబూ. నా కాళ్ళకి! టీ తాగండయ్యా అంటే తాగలేదు."

నిజం చెప్దామని నోరు తెరిచాను. లాడ్జి నుంచి ఎవరూ రాలేదమ్మా అందామనుకున్నాను. ఆవిడ మొహం చూసి చెప్పలేకపోయాను.

"ఎల్తా ఎల్తా ఒకాయన చెప్పాడు. 'ఈ రోజుకి మేం సర్దుకున్నామమ్మా. మాతో మొయ్యడానికి ఇంకో సోదరుడు రావాలి. ఎప్పుడో ఒకప్పుడు మీ ఇంటికొస్తాడు. వస్తే కూర్చోబెట్టు, మేం వచ్చి తీసుకెళ్తాం' అన్నాడు. పేరు కూడా చెప్పాడు. బాపట్ల దేవుడి పేరు గదా, అందుకని మర్చిపోలేదు. భావనారాయణ."

పోయిన ఏడాది కార్తీకం. అప్పటికి ఆ లాడ్జి ఒకటుందనే నాకు తెలీదు. పూర్ణచంద్రరావుగారి మొహం కూడా చూడలేదు.

ఆవిడ గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి నా చేతికిచ్చింది. "ఇంతకీ నీ పేరేంటి బాబూ?"

సోదరులు కావాలని వెళ్ళినవాణ్ణి నేనే. నీళ్ళలో ఈది వచ్చి తలుపు తట్టే సోదరులు. అలాంటి వాళ్ళు నలుగురు ఉన్నారని ఎదురుగా ఒకావిడ చెప్తోంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"వెంకటప్పయ్యండి" అన్నాను.

"అట్టాగా" అంది. అనుమానమేమీ లేదు ఆ గొంతులో. కొంగుతో చెయ్యి తుడుచుకుని గడప దాకా వెళ్ళింది. కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఖాళీ వాకిలి వైపు చూస్తూ, పక్కింటివాళ్ళకి చెప్పినట్టు మామూలుగా చెప్పింది.

"ఈయన కాదంటయ్యా."

కాసేపు వింది. తల ఊపింది. నావైపు తిరిగి నవ్వింది.

"పర్లేదు, ఉంటాంలే అంటన్నారు బాబూ. నువ్వు మంచినీళ్ళు తాగు."